మన పాత జీపునకు బుష్షులు వెదకిన విధము

మన పాఠశాల భవనమునకు వెనుక, చింతచెట్ల నీడను, రేకుల కొట్టమొకటి గలదు. అందులో నొక పాత జీపు చిరకాలముగా నిలిచియుండుట చదువరులలో పెక్కుమంది యెరిగినదే. గత వేసవి సెలవులలో దానిని పాత యినుము క్రింద తూకమునకు అమ్మివేయవలెనని కార్యవర్గమువారు ఆలోచించిరి. అది విని తొమ్మిదవ తరగతి విద్యార్థులు కొందరు ప్రధానోపాధ్యాయులవారి యొద్దకు వెళ్లి, క్రిస్మసు వరకు గడువిచ్చినయెడల బండిని నడిపించి చూపెదమని మనవి చేసిరి. గడువు దొరకినది. పని చూచు భారము సైన్సు బోధించు మాపై పడినది. ఇంజను మాట కొలది వారములలోనే తేలిపోయెను. కాని అరచేతిలో ఇముడునంతటి రెండు ఇనుప ముక్కల కొరకు మేము అయిదు మాసములు తిరుగవలసివచ్చినది. "బడిలో పిల్లలకు ఈ బుష్షుల గొడవ యేమిటండీ?" అని తలిదండ్రులలో కొందరు మమ్ము అడిగిరి. వారికి ప్రత్యుత్తరముగా దీనిని వ్రాయుచున్నాము.

ముందుగా జీపును గూర్చి రెండు మాటలు. 1940లో అమెరికా సైన్యమువారు తేలికయైన, నాలుగు చక్రములకును శక్తి నందుకొను చిన్న బండి కావలెనని కోరగా, మొదట బాంటమ్ అను చిన్న కంపెనీ నమూనా చేసి చూపెను. పిదప విల్లీస్, ఫోర్డు కంపెనీలు రెండును ఒకే రూపముగల బండిని 1945 వరకు ఆరు లక్షలకు పైగా నిర్మించెను. ఒక కంపెనీ బండి భాగము రెండవ దానికి సరిపోవలెనని నియమము. అయితే ఫోర్డువారు తాము చేసిన భాగములపైనను, మరమేకుల తలలపైనను తమ పేరులోని మొదటి ఆంగ్లాక్షరమును ముద్రించుకొనిరి. మన బండి విల్లీస్ వారిది. కాని పిల్లలు కిరసనాయిలుతో మకిలి కడుగగా, అక్షరము గల మరమేకులు పదునాలుగు బయటపడినవి. ఆనాటి నుండి ఆ అక్షరమును వెదకుట తరగతిలో నొక ఆటయై, పాఠమునకు కొంత అడ్డముగా కూడ నుండెనని ఒప్పుకొనుచున్నాము.

యుద్ధానంతరము సైన్యమునకు మిగిలిన బండ్లను అమ్మినప్పుడు మిషనువారు దీనిని కొనిరని పాత లెక్కల పుస్తకమువలన తెలియుచున్నది. ఆసుపత్రి డాక్టరు దొరసానిగారు నర్సులతో కూడ ఇందులోనే పల్లెలకు వెళ్లుచుండెడివారట. తాము ఈ బండిలో నెక్కి ఆసుపత్రికి పోయి అక్కడ జన్మమిచ్చిన బిడ్డలు నేడు తాతలైరని చెప్పు ముసలమ్మలు మన సంఘములో ఇంకను ఉన్నారు. పాత యినుము వెల కట్టుట సులభమేగాని, అట్టివారి యెదుట ఆ వెల చెప్పుట మాకు సులభముగా తోచలేదు.

ఇంజను తిరిగిన దినముననే బండిని మైదానములో మెల్లగా నడిపించితిమి. వేగము కొంచెము హెచ్చగానే స్టీరింగు చేతిలో గడగడ వణకనారంభించినది. బండి త్రోవ తప్పి ఎడమకు కుడికి లాగుచుండెను. ఆపి, ఒక విద్యార్థి కమాను కట్ట చివరను గునపముతో పైకెత్తి చూడగా, కదలరాని చోట అర అంగుళము కదలినది. రోగము తెలిసినది.

ఇక బుష్షు అననేమో చెప్పవలెను. ఎడ్లబండికి ఇరుసుమీదనే పెట్టె కూర్చుండును. గోతిలో పడినప్పుడు ఆ దెబ్బ నేరుగా మన నడుమునకు తగులును. మోటారు బండిలో ఇరుసునకును ఛాసీకిని నడుమ కమాను కట్టలుండును. ఉక్కు పట్టీలను ఒకదానిపై నొకటి పేర్చి విల్లువలె వంచిన కట్ట యది. చక్రము మిట్టనెక్కినప్పుడు విల్లు చదునగును. చదునైన విల్లు పొడవెక్కుననుట మీరు వెదురుబద్దను నేలకదిమి చూచినను తెలియును. కావున కట్ట రెండు కొనలను ఛాసీకి బిగించివేసినచో పొడవెక్కుటకు చోటుండదు. పట్టీ విరుగును, లేదా ఛాసీ చీలును. అందుచేత ఒక కొనను మాత్రము స్థిరమైన సీలకు తగిలించి, రెండవ కొనను ఊయలవలె వ్రేలాడు షాకిల్ అను కడ్డీకి తగిలింతురు. కట్ట పొడవెక్కినప్పుడు షాకిల్ ఒకవైపు ఊగును. పొట్టియైనప్పుడు వెనుకకు వచ్చును. ఊగునట్టి ప్రతి చోటను ఇనుము ఇనుమును రాచుకొని అరిగిపోకుండ నడుమ నుంచు తొడుగే బుష్షు. అరుగుదల విలువగల పెద్ద భాగమునకు గాక, మార్చదగిన చిన్న భాగమునకే కలుగవలెనని అందులోని తెలివి.

మన జీపులో ఈ యేర్పాటు మరియొక వింత రీతిగా నున్నది. షాకిల్ గుఱ్ఱపునాడా వలె రెండు కాళ్లు గలది. ఆ రెండు కాళ్లమీదను మరచుట్లు కోయబడియున్నవి. పై కాలు ఛాసీ చెవిలోనికి, క్రింది కాలు కమాను కట్ట కంటిలోనికి పోవును. వాటిపై ఆరు పలకల తలగల ఉక్కు బుష్షులు మరవలె ఎక్కును. బుష్షు వెలుపలి భాగము చెవిలో గాని కంటిలో గాని గట్టిగా పట్టుకొని కదలకుండును. లోపలి మరచుట్లలో షాకిల్ కాలు కొంచెము ముందునకు, కొంచెము వెనుకకు తిరుగుచుండును. మరచుట్ల నడుమ నుండు సందులలో గ్రీజు నిలుచును. బరువు ఒక్కచోట పడక ప్రతి చుట్టు మీదను పంచుకొనబడును. ప్రక్కకు తోపు వచ్చినను మర పట్టుకొనియుండును గనుక బండి అటునిటు జరుగదు. కందెన లేని ఎడ్లబండి కూతవంటి కూత దీనికి లేదు. మా అభిప్రాయములో ఇంత చిన్న వస్తువులో ఇంత ఆలోచన ఇమిడియుండుట మిక్కిలి అరుదు. అయితే గ్రీజు మాత్రము మానరాదు. మన జీపునకు ఎన్ని సంవత్సరములు మానిరో గాని, విప్పిన బుష్షులలో మరచుట్లు ఉండవలసిన చోట నున్నని గొట్టము మాత్రమే మిగిలియుండెను.

బండికి షాకిళ్లు నాలుగు, బుష్షులు ఎనిమిది. ఈ లెక్క చూచి మేము విజయవాడ ఆటోనగరునకు బయలుదేరితిమి. అక్కడ మోటారు బండికి సంబంధించిన పని ఏది కావలసినను చేయువారు వీధివీధిని ఉన్నారు. "జీపు షాకిల్ బుష్షులు ఎనిమిది" అని యడుగగా ఒక దుకాణదారుడు నిమిషములో తెచ్చి బల్లమీద పెట్టెను. నల్లని రబ్బరు బుష్షులు! అతని తప్పు లేదు. తరువాతి కాలపు జీపులలో మర బుష్షులకు బదులు రబ్బరువి వచ్చినవి; నేడు జీపు అన్నచో అందరికి తోచునది వాటినే. ఆ ఊరికి పోయివచ్చిన ఖర్చు వ్యర్థమైనదని మొదట అనుకొంటిమి గాని, పిల్లలకు చూపుటకు వాటిలో నొకదానిని కొనితెచ్చుట మంచిదైనది.

పాత అంబాసిడరు వంటి కార్లు ఇంటనున్న తలిదండ్రులకు ఇది పనికివచ్చును గనుక ఇక్కడ కొంచెము నిలిచెదము. 2014లో అంబాసిడరు నిర్మాణము ఆగిపోయినది. కాబట్టి వాటికిని బుష్షులు వెదకి తెచ్చుకొనవలసిన దినములే. రబ్బరు బుష్షులో లోపలొక ఉక్కు గొట్టము, వెలుపల నొకటి, నడుమ రబ్బరు ఉండును. ఇందులో ఏదియు జారదు, రాచుకొనదు. రబ్బరే మెలితిరిగి మరల యథాస్థితికి వచ్చును. 1839లో చార్లెస్ గుడియర్ అను అమెరికావాసి రబ్బరును గంధకముతో వేడిచేసిన గట్టిపడునని కనుగొనకపోయినచో ఇట్టి సాధనము లేకపోయెడిది. దీనికి గ్రీజు అక్కరలేదు సరికదా, నూనె తగిలిన సహజపు రబ్బరు ఉబ్బి మెత్తబడి పాడగును. ఇట్టి దానిని కొనునప్పుడు బండి పేరు చెప్పి ఊరకుండరాదు. వెలుపలి గొట్టపు వ్యాసము, లోపలి రంధ్రపు వ్యాసము, రెండు గొట్టముల పొడవులు వెర్నియరుతో కొలిచి, చీటిపై వ్రాసి తీసికొనిపోవలెను. పాత బుష్షు అరిగిపోయియుండును గనుక దానిని మాత్రమే కొలిచిన చాలదు. అది కూర్చుండు కంటిని కూడ కొలువవలెను. వెలుపలి గొట్టము కంటికంటె వెండ్రుకవాసి లావుగా నుండి నొక్కుడుతోనే లోనికి పోవలెను. మరియొక మాట: మరమేకును చివరిసారి బిగించునది బండి జాకీ మీద నున్నప్పుడు కాదు, బరువంతయు చక్రములమీదికి దిగిన తరువాతనే. లేనియెడల రబ్బరు పుట్టుకతోనే మెలికపడి, కొలది మాసములలో చినుగును. ఈ ఒక్క సంగతి తెలియక క్రొత్త బుష్షులను నిందించువారు పెక్కుమంది. ఈ మధ్య పాలీయురిథేన్ అను పదార్థముతో చేసినవియు దొరకుచున్నవి. అవి గట్టివి, చాలకాలము మన్నును. కాని రోడ్డు కుదుపును ఎక్కువగా లోనికి పంపును, కొన్ని కూయును. పాత కారు పాత కారువలెనే నడువవలెననువారికి మేము రబ్బరునే చెప్పుదుము.

మన జీపు సంగతికి వత్తము. రెండవసారి ఒక పరిచితుని మూలముగా మరియొక ఊరి దుకాణము నుండి మర బుష్షులు ఎనిమిదియు సంచిలో వచ్చినవి. పెట్టెమీద అసలైనవని ముద్ర యుండెను. మేము సంతోషముతో ఒక్కటియు పరీక్షింపక పిల్లల చేతికిచ్చితిమి. ఇది మా తప్పు. ఆరు బుష్షులు చక్కగా ఎక్కినవి. ఏడవది ఎంత త్రిప్పినను మొదటి చుట్టు దాటలేదు. త్రుప్పు అడ్డమని తలచి పానాతో గట్టిగా త్రిప్పుమని మేమే చెప్పితిమి. కిర్రుమని శబ్దమై, షాకిల్ కాలిమీద రెండు మరచుట్లు నలిగిపోయినవి. ఆ విద్యార్థి పానా క్రింద పెట్టి, "సార్, ఇది అటు తిరుగుటకు చేసినది కాదేమో" అనెను. దీపము తెచ్చి చూచితిమి. ఆ కాలిమీది చుట్లు మిగిలిన వాటివలె గాక, ఎదురు దిక్కునకు ఏటవాలుగా నున్నవి. ఎడమ మర!

అప్పుడు గాని మేము జీపు సర్వీసు గ్రంథమును తెరువలేదు. అందులో ఇట్లున్నది: ఎనిమిది బుష్షులలో ఆరు కుడి మరవి, రెండు ఎడమ మరవి. ఎడమ మర బుష్షు ఆరు పలకల తల చుట్టును ఒక గాడి కోయబడియుండును. కుడి మర దానికి గాడి యుండదు. ఎడమ మర గల షాకిల్‌కు క్రింది కాలిమీద చిన్న బొడిపె యుండును. ఆ బొడిపెను కిరసనాయిలుతో కడుగునప్పుడు మేమందరమును చూచియే యుంటిమి, పోతపనిలో లోపమనుకొంటిమి. నలిగిన చుట్లను ముక్కోణపు ఆకురాయితో సవరించుటకు ఒక శనివారమంతయు పట్టినది.

ఆ సంచిలోని బుష్షులలో ఇంకొక లోపము కూడ ఆ దినమే బయటపడినది. ఉక్కు గట్టిపరచబడినదో లేదో తెలిసికొనుటకు తల అంచున పాత ఆకురాయిని ఒకసారి లాగి చూడవలెను. గట్టి ఉక్కుపై ఆకురాయి జారిపోవును. మెత్తని ఇనుమును కరచును. మూడింటిని ఆకురాయి వెన్నవలె కరచినది. ఒకదానిలో గ్రీజు పోవలసిన రంధ్రమే తొలువబడలేదు. చూచుటకు ఎనిమిదియు ఒక్క తల్లి పిల్లలవలె నుండెను. అమ్మినవారు నాలుగింటి వెల తిరిగి యిచ్చిరి.

ఇప్పుడు కుడి మరవి నాలుగు మంచివి చేతనున్నవి. మరి రెండు తేలికగానే దొరకినవి. ఎడమ మరవి రెండు లేవు. ఊరిలోని మేస్త్రి యొకరు జాలిపడి, "మేష్టారూ, షాకిల్‌ని కమానుకి వెల్డింగు కొట్టేస్తాను. ఊగదు, వణకదు. పండక్కి బండి తిరుగుతుంది" అనిరి. వణకుట మానునన్న మాట నిజమే. కాని మొదట చెప్పినది జ్ఞాపకము చేసికొనుడు: ఊగని షాకిల్ కట్టను పొడవెక్కనీయదు. షాకిల్ బిగిసియున్నచో కమాను పట్టీ విరుగునని ఆ గ్రంథములోనే హెచ్చరిక గలదు. కాలువ గట్టుమీద పిల్లలతో పోవుచుండగా ముందు పట్టీ విరిగినచో ఏమగునో మేము పటము గీసి తరగతిలో చూపితిమి. ఆ మేస్త్రి కూడ వచ్చి వెనుక బల్లమీద కూర్చుండి విని, మరల ఆ మాట ఎత్తలేదు. తరువాత అన్ని పనులలోను మాకు తోడుపడినది ఆయనయే.

చట్టము కూడ ఒక కారణము. 2021 జూలైలో కేంద్రప్రభుత్వమువారు ఏబది సంవత్సరములు దాటిన బండ్లకు ప్రత్యేకముగా వింటేజి రిజిస్ట్రేషను నియమములు చేసిరి. ఛాసీ, బాడీ, ఇంజను మొదలగువానిలో పెద్ద మార్పులు లేక, మొదటి రూపముననే కాపాడబడిన బండికి మాత్రమే అది వర్తించును. క్రొత్తగా రిజిస్టరు చేయుటకు రుసుము 20,000 రూపాయలు. అట్టి బండిని నిత్యోపయోగమునకు గాని, బాడుగకు గాని రోడ్డుమీద నడుపరాదు. కావున మన జీపు ఇకమీదట పిల్లలను మోయు బండి కాదు, ప్రదర్శనకు పోవు బండి మాత్రమేయని కార్యవర్గమువారికి మేము ముందుగానే విన్నవించితిమి.

లేతుమీద ఎడమ మర కోయించుట రెండవ ఉపాయము. పెద్ద మరను త్రిప్పు చక్రముల వరుసను మార్చిన పనిముట్టు ఎదురు దిక్కున నడచును; చేయగలవారు ఆటోనగరులో నున్నారు. కాని లోపలి మరను అంత చిన్న గొట్టములో కోసి, ఆ మీదట గట్టిపరచి, వంకర రాకుండ చూచుటకు అయిన వెల విని వెనుకకు తగ్గితిమి. హర్యానాలోని మండీ డబ్వాలీ జీపు పనులకు పేరుపొందిన ఊరు. అక్కడి దుకాణములకు పిల్లలు ఫోను చేసి, తమకు వచ్చిన హిందీలో మాటలాడిరి. కుడి మరవి కావలసినన్ని యున్నవని ప్రత్యుత్తరము. ఎడమ మరవి అమ్ముడుపోవుట అరుదు గనుక ఎవరును నిలువయుంచుకొనరు.

నవంబరు రెండవ వారమున సికింద్రాబాదులో మాకు పరీక్షల పని తగిలెను. ఆ సాయంకాలము ఇద్దరు విద్యార్థులతో రాణీగంజు వెళ్లితిమి. మోటారు విడిభాగముల దుకాణములు అక్కడ దట్టముగా నుండును. ఈసారి మేము బండి పేరు చెప్పలేదు. చీటిపై బుష్షు పటము గీసి, కొలతలు వేసి, తల చుట్టునున్న గాడిని ఎఱ్ఱ సిరాతో గుర్తించి చూపితిమి. నాలుగు దుకాణములలో లేదనిరి. అయిదవ దానిలో వృద్ధుడొకరు చీటిని చాలసేపు చూచి, "దీన్ని అడిగినవాళ్లు లేరు బాబూ, చాలా ఏళ్లయింది" అని అటకమీది నుండి రేకు డబ్బా దింపించిరి. డబ్బాలో రకరకముల మరలు, వాషర్లు కలగలసి యుండెను. పిల్లలు కాగితముమీద క్రుమ్మరించి వెదకనారంభించిరి. చూపుతో కాక వ్రేలితో తడిమి గాడిని పట్టుకొన్నది ఒక బాలిక. మైనపు కాగితములో చుట్టినది ఒకటి, చుట్టనిది ఒకటి; రెండే. అక్కడికక్కడే ఆకురాయి లాగి చూచితిమి, జారినది. వెంట తీసికొనిపోయిన షాకిల్‌పై ఎడమకు త్రిప్పగా చేతితోనే ఎక్కినవి. ఆయన పుచ్చుకొన్న వెల మా టీ ఖర్చు కంటె కొంచెమే యెక్కువ.

బిగించుట యందు కూడ తొందర పనికిరాదు. కార్కు వాషర్లను ముందుగా కాళ్లకు తొడిగి, షాకిల్‌ను ఛాసీ చెవికి గట్టిగా ఆనించి పట్టుకొని, పై బుష్షును సగము వరకు ఎక్కించితిమి. పిదప కట్ట కంటికి ఆనించి క్రింది బుష్షును సగము. ఆ మీదట పైది కొంచెము, క్రిందిది కొంచెము, మార్చి మార్చి త్రిప్పవలెను. పై బుష్షు తల చెవికి ఆనవలెను. క్రింది బుష్షు తలకును కంటికిని నడుమ అంగుళములో 1/32 వంతు సందు విడువవలెను. తగిన మందముగల రేకు ముక్కను నడుమ పెట్టి సందు సరిచూచితిమి. అన్నియు అయిన పిమ్మట గ్రీజు పట్టించి, షాకిల్ స్వేచ్ఛగా ఊగుచున్నదో లేదో చూడవలెను. వెనుకనున్న ఒకటి బిగిసినట్లు తోచగా, చీకటి పడినను, పూర్తిగా విప్పి మరల ఎక్కించితిమి. పిల్లలలో ఎవరును విసుగుకొనలేదు, విసుగుకొన్నది మేమే.

డిసెంబరు 19వ తేదీ సాయంకాలము మైదానములో జీపును నడిపించితిమి. పూర్వము వణకిన వేగమునకు వచ్చినప్పుడు మేము చక్రమును గట్టిగా పట్టుకొంటిమి. ఏమియు కాలేదు. కార్యవర్గమువారు గడువు ముగియుటకు ముందే అమ్మకపు ప్రస్తావనను విరమించిరి. రిజిస్ట్రేషను దరఖాస్తు ఇంకను పోవలసియున్నది.

అరిగిన ఎనిమిది బుష్షులను సైన్సు గదిలో గాజు బీరువాలో పెట్టితిమి. గాడిగల రెండింటి ప్రక్కను మేము నలిపిన మరచుట్ల నుండి రాలిన ఇనుప రజను కూడ చిన్న సీసాలో నున్నది. షాకిళ్లకు వేయి మైళ్లకొకసారి గ్రీజు పట్టించవలెనని నియమము. మన జీపు వేయి మైళ్లు తిరుగుట కల్ల గనుక, ప్రతి జూన్ మాసమున బడి తెరచిన మొదటి శనివారము పట్టించునట్లు ఏర్పాటు చేసి, తేదీ వ్రాయుటకు కొట్టము తలుపుమీద నల్ల పలక కట్టితిమి.